మ్యాప్ ఎడిటర్‌లో కల కట్టడం ఎలా? నాది పెళ్లి సెట్టింగులా వస్తోంది

లంక_కుర్రాడు
మూడు వారాలుగా రోజూ రాత్రి పదింటికి కూర్చుని వార్‌క్రాఫ్ట్ 3 అనే యుద్ధాల ఆటతో వచ్చే వరల్డ్ ఎడిటర్‌లో ఒక మ్యాప్ కడుతున్నాను. యుద్ధం లేదు, హీరో లేడు, ఊరికే నడవడానికి. కలలో మన ఊరు కనిపిస్తే ఎలా ఉంటుందో అలా ఉండాలని నా ఆశ. గాల్లో తేలే లంకలు పెట్టాను, వాటి మీద కొబ్బరిచెట్లు (మోడల్ బయటి నుంచి తెచ్చి ఇంపోర్ట్ చేశా), ఊదారంగు ఆకాశం, తలకిందులుగా ఒక పడవ, లంకల అంచుల నుంచి జలపాతాలు. నిన్న మా బావకి చూపించాను. రెండు నిమిషాలు చూసి "బాగుందిరా, ఏ ఫంక్షన్ హాల్ ఇది?" అన్నాడు.

కోపం వచ్చింది గానీ, పడుకునే ముందు మళ్లీ తెరిచి చూస్తే వాడన్నది నిజమే. వింతలన్నీ ఉన్నాయి, కల లేదు. ఎక్కడ తేడా కొడుతోంది?

పూతరేకు_99
ఊదారంగు ఆకాశం అనగానే నాకు రిసెప్షన్ భోజనాలు గుర్తొచ్చాయి. ఐస్‌క్రీమ్ కౌంటర్ ఏ లంక మీద పెట్టావు?

పాత_నెట్‌సెంటర్
2003లో ఈ ఆటకి ఫ్రోజెన్ థ్రోన్ అనే అదనపు భాగం వచ్చిన కొత్తలో ఆట ఆడకుండా ఎడిటర్ తెరుచుకుని కూర్చునేవాడిని. నెట్ సెంటర్ ఓనరు "గేమ్‌కి డబ్బులిచ్చి ఈ గళ్ల కాగితం ఏంటి బాబూ" అనేవాడు. ఆ అనుభవంతో చెబుతున్నా.

ముందు నీ కెమెరా మార్చు. ఆట మామూలు కెమెరా 1650 దూరంలో, 304 డిగ్రీల కోణంలో పైనుంచి కిందికి చూస్తుంది. సైన్యాన్ని నడపడానికి అది బాగుంటుంది. కల మాత్రం ఎవరికీ కొబ్బరిచెట్టు మొవ్వులోంచి రాదు. కోణాన్ని 350 దగ్గరికి తీసుకురా, దూరం 500, 600కి తగ్గించు. అప్పుడు మనిషి కంటి ఎత్తుకి వస్తావు. నీ మ్యాప్‌లో సగం తప్పులు అప్పుడే బయటపడతాయి, అది వేరే విషయం.

రెండోది పొగమంచు. అది మొదలయ్యే దూరం మామూలుగా 3000, ముగిసేది 5000. దాన్ని 1000 నుంచి 3500కి దించు. రంగు తెలుపు పెట్టకు, బూడిదలో కాస్త పసుపు కలుపు.

దింపుతాడు
"కల ఎవరికీ కొబ్బరిచెట్టు మొవ్వులోంచి రాదు" అన్న గురువుగారికి: నాకు వస్తుందండి. మా ఇంట్లో మూడు తరాలుగా దింపు పనే. కలలో ఎక్కుతూనే ఉంటా, గెల అందదు.

పాత_నెట్‌సెంటర్
పైన దింపుతాడు ఒక్క ముక్కలో చెప్పేశాడు. చెట్టు మామూలు చెట్టే, గెల మామూలు గెలే. ఎంత ఎక్కినా అందదు, అంతే. తమ్ముడూ, నువ్వు చెట్టుని గాల్లోకి లేపావు. లేపాల్సిన పని లేదు.

హ్యామర్_సుబ్బు
ఆ ఎడిటర్‌తో కుస్తీ ఎందుకు, సోర్స్ ఇంజిన్ ఆటలకి మ్యాపులు కట్టే హ్యామర్‌లోకి వచ్చేయండి. అందులో త్రీడీ స్కైబాక్స్ అని ఉంటుంది. మ్యాప్ బయట ఒక చిన్న పెట్టెలో దూరపు దృశ్యాన్ని 16వ వంతు సైజులో కడతాం. ఆటలో అది అసలు సైజులో దూరంగా కనిపిస్తుంది. నేను ధవళేశ్వరం బ్యారేజీ అలా పెట్టా. దాని వైపు ఎంతసేపు నడువు, దగ్గరికి రాదు. అందని గెల కావాలంటే ఇదే.

పూతరేకు_99
175 గేట్లూ కట్టావా సుబ్బూ?

హ్యామర్_సుబ్బు
ఒకటి కట్టి 174 కాపీ కొట్టా. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం నాలుగూ విడివిడి ముక్కలని తర్వాత గుర్తొచ్చింది, మధ్యలో లంకలు ఇరికించా. ఆ ఇరికించడంలో ఎక్కడో సందు మిగిలి మ్యాప్ లీక్ అయింది. ఎడిటర్ చూపించే ఎర్ర గీత పట్టుకుని సందు వెతకడానికి ఒక ఆదివారం పోయింది.

బోదెగట్టు
గోదావరి మ్యాప్‌కి లీక్ అవడం సహజమే కదా.

లంక_కుర్రాడు
సుబ్బు గారూ, నా లాప్‌టాప్ పాతది, ఎడిటర్ మార్చే ఓపిక కూడా లేదు. ఉన్నదాంట్లోనే చెప్పండి. నెట్‌సెంటర్ గారు చెప్పినట్టు కెమెరా దించాను. ఊదారంగు తీసేసి ఇంకో ఆకాశం పెట్టడం మర్చిపోయాను, పైనంతా ఖాళీ. తర్వాత ట్రిగ్గర్‌తో (ఎడిటర్‌లో రాసే ఆజ్ఞ) స్కై పెడితే సర్దుకుంది. కానీ కిందికి దిగి చూస్తే నా ఊరు ఊరులా లేదు. కొండలున్నాయి! అలవాటు కొద్దీ బ్రష్‌తో నేల ఎత్తేశా. మన దగ్గర కొండెక్కడిది?

వశిష్ఠ_ఒడ్డు
నాకు ఆటలు రావు, మా అబ్బాయి ఈ లింకు పంపాడు. కొండల మాట వచ్చింది కాబట్టి రాస్తున్నాను.

మన నేలలో ఎత్తైనది ఏటిగట్టు ఒక్కటే. మా ఇల్లు గట్టుకి ఆనుకుని లోపలి వైపు పల్లంలో ఉండేది. ఎండాకాలం ఏరు ఎక్కడో ఇసుక అవతల సన్నగా పారుతుంది, దాని సంగతే గుర్తుండదు. ఆషాఢంలో ఎర్రనీరు వచ్చిందంటే గట్టు అవతల నీళ్లు మా వీధి అరుగు కంటే ఎత్తులో ఉంటాయి. చిన్నప్పుడు అరుగు మీద కూర్చుని ఎక్కాలు చదువుతుంటే తలెత్తిన చోట గట్టు మీద గడ్డి, గడ్డి పైన పడవ తెరచాప వెళ్లిపోతూ ఉండేది. పడవ కనపడదు, నీళ్లు కనపడవు. గుడ్డ ఒక్కటే, కుడి నుంచి ఎడమకి. మా తాతగారికి అదొక వింతే కాదు. "సరుకు పడవ" అనేసి పేపరు చదువుకునేవారు.

ఇంకొకటి. 1995 జనవరిలో పాశర్లపూడి గ్యాస్ బావి అంటుకున్నప్పుడు రెండు నెలల పైన మండింది, 65 రోజులంటారు. మాకు చాలా దూరం. అయినా రాత్రి ఆ వైపు ఆకాశం నారింజ రంగులో ఉండేది. సంక్రాంతి ముగ్గు వేయడానికి మా ఆవిడ తెల్లవారుజామున నాలుగింటికి లేస్తే ముగ్గు గీతకి పక్కన పల్చటి నీడ. సూర్యుడు లేడు, దీపం లేదు, నీడ ఉంది. అదీ పడమటి వైపు పడాల్సిన వేళకి వేరే వైపు పడింది. ఆవిడ ముగ్గు సగంలో ఆపేసి లోపలికి వచ్చేసింది.

మీ ఊదారంగు ఆకాశం కంటే ఆ నీడకే నాకు ఎక్కువ భయం వేసింది.

పాత_నెట్‌సెంటర్
మాస్టారూ, మీకు ఆటలు రావంటారేంటి. సగం మ్యాప్ మీరే కట్టేశారు.

తమ్ముడూ, విను. ఈ ఎడిటర్‌లో నీళ్ల ఎత్తు క్లిఫ్ లెవెల్‌తో (నేల మెట్టుతో) పాటు మారుతుంది. అంటే ఏరుని రెండు లెవెల్స్ పైన పెట్టి, ఊరిని కింద పెట్టొచ్చు. మధ్య క్లిఫ్ అంచు రాతిగోడలా కనిపిస్తుంది, దాన్ని నేల ఎత్తే బ్రష్‌తో మట్టిగట్టులా మెత్తగా వాల్చు. ఇప్పుడు కెమెరాని అరుగు ఎత్తులో పెట్టు. గట్టు వెనక తెరచాప మాత్రం నడిపించు.

నీడ సంగతి: పగలు రాత్రి గడియారాన్ని ట్రిగ్గర్‌తో ఆపేసి తెల్లవారుజాము నాలుగుకి బిగించెయ్. తర్వాత ఒక మూల నారింజ వెలుగు. ఎందుకు వెలుగుతోందో ఎక్కడా చెప్పకు.

మడ_పిల్లి
మాది కోరంగి వైపు. మడ అడవిలో పాయలోకి పడవ మీద వెళితే ప్రతి మలుపూ ఒకేలా ఉంటుంది. ఆటు వేళ బురదలోంచి శ్వాసవేళ్లు వేల కొద్దీ నిలబడి ఉంటాయి, ఎవరో పెన్సిళ్లు గుచ్చినట్టు. పోటు వచ్చేసరికి ఒక్కటీ కనపడదు. రోజుకి రెండుసార్లు. ఈ ఒకేలా ఉండే మలుపుల్ని ఎడిటర్‌లో ఎలా చేస్తారు? కాపీ పేస్టేనా?

పాత_నెట్‌సెంటర్
కాపీ పేస్టే, కానీ ఒక మెలిక ఉంది. గట్టు ముక్క ఒకటి కట్టు, గడ్డి, తాటిచెట్టు, మైలురాయి అన్నీ పెట్టి. మొత్తం సెలెక్ట్ చేసి మ్యాప్‌లో ఇంకో మూల అతికించు. మొదటి గట్టు చివర ఒక రీజియన్ (హద్దు గీసిన చోటు) గియ్యి. మనిషి అందులో అడుగుపెట్టగానే రెండో గట్టు మొదటికి తక్షణం జరిపే ట్రిగ్గర్ రాయి. కెమెరాని కూడా అంతే దూరం, సున్నా సెకన్లలో జరపాలి. రెండు ముక్కల మధ్య దూరం 128 గుణిజాల్లో ఉండాలి, గడి సైజు అంతే కాబట్టి. ఒక్క గడి తేడా వచ్చినా కుదుపు తెలిసిపోతుంది, కల చెదురుతుంది. మంచు దట్టంగా ఉంటే గట్టు చివర ముందే కనపడదు.

ఇక నడుస్తూనే ఉంటాడు, రేవు రాదు. రెండో గట్టులో ఒక్క వస్తువు మార్చు. మొదటి గట్టులో తాటిచెట్టుకి సైకిల్ కుడివైపు ఆనించి ఉంటే, రెండో దాంట్లో ఎడమవైపు. మూడోసారి సైకిల్ లేదు. చాలు. ఇంకేం పెట్టకు, దండం పెడతా.

భీమవరం_బుల్లోడు
అందరూ మంచు, గట్టు, తాటిచెట్టు అంటున్నారు. ఇది పాత ఫొటోల గోదావరి. నాకు 24 ఏళ్లు, నాకు వచ్చే కలలో తెరచాప ఉండదు. రాత్రి రెండింటికి రొయ్యల చెరువుల మధ్య బండి మీద వస్తుంటే రెండు పక్కలా నల్లటి నీళ్లు, గట్ల మీద బల్బులు, ప్రతి బల్బూ నీళ్లలో ఇంకొకటి, నీళ్లలోకి గాలి కొట్టే ఏరియేటర్లు తెల్లగా నురగ కొడుతూ ఒకటే చప్పుడు. కరెంటు పోతే ఆ చప్పుడు టక్కున ఆగుతుంది. ఆ నిశ్శబ్దం వినాలి మీరు. ఐదు సెకన్లు. తర్వాత అందరూ జనరేటర్ వైపు పరుగు. మ్యాప్‌లో పెట్టాలంటే నేను అది పెడతా.

బోదెగట్టు
బుల్లోడికి కలలోనూ డిసాల్వ్‌డ్ ఆక్సిజన్ టెన్షనే.

భీమవరం_బుల్లోడు
మీరు నవ్వండి. ఎకరం చెరువు తెల్లారేసరికి తేలిపోతే తెలుస్తుంది.

వశిష్ఠ_ఒడ్డు
ఆ అబ్బాయి చెప్పింది నిజం. మా తెరచాపకీ వాళ్ల బల్బుకీ తేడా లేదు. ఎవరి అరుగు వాళ్లది.

గౌతమి_పక్క
ఇంతవరకు చదివి ఊరుకుందామనుకున్నా, ఊరుకోలేకపోతున్నా. వరద, ఎర్రనీరు, ఇంటి కంటే ఎత్తులో ఏరు, అన్నీ బాగున్నాయి అంటున్నారు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు మా లంకలో ఇంట్లో నడుంలోతు నీళ్లు. మూడో హెచ్చరిక ఇచ్చేది 17.75 లక్షలకి, అక్కడి నుంచి లెక్కేసుకోండి. ఫ్రిజ్ తేలింది. బియ్యం డబ్బా తేలింది. మా అత్తగారు మంచం మీద మంచం వేసుకుని కూర్చున్నారు. మీకు అది కలలా అనిపిస్తే అనిపించనివ్వండి, నాకు అది బురద కడుక్కోవడం. నెల పట్టింది.

లంక_కుర్రాడు
అక్కా, మాది కూడా లంకే. ఆ జులైలో మేం స్కూల్లో ఉన్నాం, నాలుగు రోజులు. నేను వరదని అందంగా చూపించాలని అనుకోలేదు. నిజం చెప్పాలంటే మొదట్లో గాల్లో లంకలు పెట్టింది అందుకేనేమో. గాల్లో ఉంటే నీళ్లు రావు కదా అని. ఇది రాస్తుంటే ఇప్పుడే తట్టింది, నవ్వకండి.

గౌతమి_పక్క
నవ్వడం లేదు. అలా అయితే కట్టు. ఫ్రిజ్ మాత్రం తేలుతూ పెట్టు. మాది నిలువుగా తేలింది, తలుపు మీద పిల్లలు అంటించిన స్టిక్కర్లతో సహా. నాకు ఆ రెండు రోజుల్లో కల అనిపించింది అదొక్కటే.

కౌశిక_కుర్రోడు
ఇంతమంది కోనసీమ వాళ్లుండి ఎవరూ ప్రభల (దేవుడి పేరున కట్టి భుజాల మీద మోసే ఎత్తైన రంగుల అలంకారాలు) మాట ఎత్తలేదేంటి? కనుమ రోజు జగ్గన్నతోట తీర్థానికి గంగలకుర్రు ప్రభలు చేల మధ్య నుంచి వస్తాయి. దూరం నుంచి చూస్తే మోసే మనుషులు వరి వెనక కనపడరు. పచ్చటి చేను మీద రంగుల ప్రభ ఒకటి ఊగుతూ, తనంతట తనే నడిచి వస్తున్నట్టుంటుంది. తర్వాత కౌశికలోకి దిగుతుంది. మెడలోతు నీళ్లలో జనం, పైన ప్రభ. ఇంతకంటే ఏం కావాలి?

పాత_నెట్‌సెంటర్
బాగుంది, కానీ పెట్టకు. తీర్థం పెడితే మళ్లీ సంబరం అవుతుంది, బావ మళ్లీ ఫంక్షన్ హాల్ అంటాడు.

కౌశిక_కుర్రోడు
ఒప్పుకోను. జనం లేకుండా, మేళం లేకుండా ఒక్క ప్రభ. చేలో. మధ్యాహ్నం. మోసేవాళ్లు లేరు. అప్పుడు చెప్పండి సంబరమా అని.

పాత_నెట్‌సెంటర్
...సరే, ఓడిపోయా. ఒళ్లు జలదరించింది.

హ్యామర్_సుబ్బు
చప్పుడు గురించి బుల్లోడు తప్ప ఎవరూ మాట్లాడలేదు. సంగీతం పెట్టకండి. వేణువు అస్సలు వద్దు. వేణువు పెట్టిన ప్రతి మ్యాపూ స్పా అయిపోతుంది. కప్పలు పెట్టి, మనిషి ఒక చోటికి రాగానే ఆపేయండి.

పూతరేకు_99
ఎర్రనీరు అన్నారు కాబట్టి పులస ఉందా లేదా? లేకపోతే ఇది గోదావరి కాదని నేను స్టార్ రేటింగ్ తగ్గిస్తా.

బోదెగట్టు
అందని గెల, రాని రేవు, కొనలేని పులస. థీమ్ కుదిరింది.

లంక_కుర్రాడు
పది రోజులైంది, చెప్పడానికి వచ్చా.

గాల్లో లంకలన్నీ చెరిపేశా. చెరిపేటప్పుడు చేతులు రాలేదు, జలపాతం ఒక్కటి వేరే ఫైల్లో దాచుకున్నా. ఇప్పుడున్నది: ఒక అరుగు, దాని ముందు మట్టిగట్టు, గట్టు వెనక ఎత్తులో ఏరు. మొదటిసారి ఏరు స్విమ్మింగ్ పూల్‌లా వచ్చింది. నీళ్ల రంగు ఆప్షన్‌లో నీలం బాగా తగ్గించి ఎరుపు వదిలేస్తే ఎర్రనీరు కాకపోయినా టీ నీళ్లలా వచ్చింది, చాలనుకున్నా. తెరచాప రెండు నిమిషాలకోసారి వెళుతుంది. గట్టు ఎక్కితే నడక మొదలవుతుంది, రేవు రాదు. కుదుపు పోగొట్టడానికి మూడు రాత్రులు పట్టింది, నేను 128 బదులు 120 తో లెక్కేస్తున్నానని నాలుగో రాత్రి తెలిసింది. సైకిల్ మూడోసారి ఉండదు. నాలుగోసారి సైకిల్ చోట ఫ్రిజ్ ఉంటుంది, నిలువుగా, స్టిక్కర్లతో. గౌతమి అక్కకి థాంక్స్. ఐదోసారి మంచులో దూరంగా చేలో ప్రభ ఒక్కటి. దాని వైపు దిగలేవు.

మనిషి ఒక చోటికి రాగానే కప్పల చప్పుడు ఆపేశా.

బావ చూశాడు. ఈసారి ఏమీ అనలేదు. కంట్రోలర్ కాదుగా, మౌస్ పక్కన పెట్టి "లైటెయ్యి" అన్నాడు.

తర్వాత మామ్మకి చూపించా. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. తెరచాప రెండుసార్లు వెళ్లింది. మాట్లాడకపోతే ఏడుస్తుందేమోనని భయపడ్డా. "ఏరు ఇంతెత్తున ఉంటే గేదెలేవిరా? గట్టు మీదకి తోలలేదా?" అని కేకలేసింది. మ్యాప్‌లో గేదెలు లేకపోవడం ఆవిడకి పెద్ద తప్పుగా కనిపించింది. వరదొస్తే ముందు తోలేది వాటినే కదా.

ఈ గేమ్‌లో గేదె మోడల్ లేదు. ఏం చేయాలి?

పాత_నెట్‌సెంటర్
కోడో బీస్ట్ అని ఆటలో ఒక పెద్ద జంతువు ఉంది కదా. ఆబ్జెక్ట్ ఎడిటర్‌లో టింటింగ్ (రంగు ఛాయ) మూడు రంగులూ 40కి దించు, సైజు సగానికి తగ్గించు. మంచులో గేదే.

లంక_కుర్రాడు
పెట్టా. నాలుగు. మంచులో నిజంగా గేదెల్లాగే ఉన్నాయి, ఒకదానికి ముక్కు మీద కొమ్ము కనిపిస్తోంది. మామ్మ లెక్కపెట్టి చూసి సరే అంది.

దింపుతాడు
పలుపుతో కట్టావా, వదిలేశావా?

లంక_కుర్రాడు
వదిలేశా.

దింపుతాడు
కట్టు. రాత్రికి పక్కోడి అరటితోటలో ఉంటాయి.